ముగింపు నిల్వ

పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తల్లి హుండీలు విప్పితే మర్నాడు పేపర్ జిల్లా పేజీలో చిన్న వార్త వస్తుంది. ఇన్ని రోజులకు ఇంత నగదు, ఇన్ని గ్రాముల బంగారం, ఇంత వెండి. ఒక్కోసారి డాలర్లు ఎన్నో కూడా రాస్తారు. అధికారులు చూస్తుండగా, సేవకు వచ్చినవాళ్లు వరసగా కింద కూర్చుని, చిల్లర వేరు చేసి, నోట్లు కట్టలు కట్టి అంకె తేలుస్తారు. తిరునాళ్లకు వచ్చి ముడుపు వేసి వెళ్లినవాళ్లు ఏ ఖమ్మంలోనో ఉండి కూడా ఆ అంకె చదువుకోవచ్చు.

అదే మనిషి తన సొంతూళ్లో ఇంటి పన్ను కడతాడు, కుళాయి పన్ను కడతాడు. ఏడాది తిరిగాక ఊరి మొత్తమ్మీద ఎంత వచ్చింది, దేనికి పోయింది, ఎంత మిగిలింది అని అడిగితే చెప్పగలిగేవాళ్లు ఏ ఊళ్లో అయినా ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లు కూడా చాలాసార్లు "ఇంకా ఫైనల్ కాలేదండీ" అంటారు.

ఈ పోలిక పూర్తిగా న్యాయమైంది కాదని నాకు తెలుసు. హుండీ లెక్కింపు అంటే వచ్చినదాన్ని లెక్కపెట్టడం. పద్దు తేల్చడం అంటే వచ్చింది, పోయింది, రావలసింది, ఇవ్వవలసింది, ఈ నాలుగింటినీ ఒకదానితో ఒకటి సరిచూడటం. గుడికైనా ఆ రెండో పని ఒక్కరోజులో అవ్వదు. అయినా ఒక తేడా మిగిలే ఉంటుంది. గుడి డబ్బు సంగతి అందరికీ తెలియాలి అని జనం అనుకుంటారు. పంచాయతీ డబ్బు విషయంలో ఆ పట్టుదల కనపడదు.

దీని గురించి నాకు తెలిసిందంతా మా పిన్ని దగ్గర తెలిసిందే. నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, మున్నేటి పక్క ఊళ్లలో ఆవిడ చాలా ఏళ్లు పంచాయతీ కార్యదర్శిగా చేసింది. ఆ ఊళ్ల పేర్లు ఇక్కడ చెప్పను. ఏటా మార్చి నెలాఖరున ఆవిడ ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉండేది కాదు. డైనింగ్ టేబుల్ మీద అన్నం గిన్నెల పక్కన క్యాష్ బుక్కు, రసీదు పుస్తకాలు, రబ్బరు బ్యాండ్లు వేసిన ఓచర్లు. మార్చి 31 అయిపోయాక ప్రపంచం మొత్తం కొత్త ఏడాదిలోకి వెళ్లిపోయేది. పిన్ని మాత్రం ఆగస్టులో కూడా మార్చిలోనే ఉండేది.

ఎందుకలా అంటే ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది.

ఒకటి, పంచాయతీ సొంత డబ్బు ట్రెజరీలో ఉంటుంది, కేంద్రం ఇచ్చే ఆర్థిక సంఘం డబ్బు వేరే ఖాతాలో ఉంటుంది. ఈ రెండింటి అంకెలూ మన క్యాష్ బుక్కులో అంకెతో కలవాలి. మార్చి చివరి వారంలో పెట్టిన బిల్లు ట్రెజరీలో ఎప్పుడు పాసవుతుందో మన చేతిలో ఉండదు. బిల్లు మన దగ్గర ఈ ఏడాదిది, డబ్బు పోయింది వచ్చే ఏడాది. రెండు, పని జరిగిందని ఇంజినీరు ఎం-బుక్కులో కొలతలు రాసి సంతకం పెడితే కానీ ఓచరు పూర్తవదు. ఆ ఇంజినీరుకి మనతో పాటు ఇంకెన్నో ఊళ్లు. మూడు, పక్క ఊరి కార్యదర్శి సెలవు పెట్టినా బదిలీ అయినా ఇన్‌చార్జి మనకే. రెండు ఊళ్లు, రెండు క్యాష్ బుక్కులు, మనిషి ఒక్కరే. నాలుగు, మనకి తెలియకుండానే ఖాతాలోంచి డబ్బు పోవడం.

ఆ నాలుగోది విని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. 2021లో పంచాయతీల ఆర్థిక సంఘం నిధుల్ని రాష్ట్ర ప్రభుత్వం వీధి దీపాల, నీటి మోటార్ల కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసింది. మా నిధులు మాకు చెప్పకుండా తీశారని సర్పంచులు రోడ్డెక్కారు. అదంతా పేపర్లలో వచ్చింది. పేపర్లలో రానిది ఏంటంటే, అలా పోయిన డబ్బుని కూడా ఎవరో ఒకరు పుస్తకంలో ఎక్కించాలి. తీర్మానం లేదు, ఓచరు లేదు. నిల్వ మాత్రం తగ్గింది. "దాన్ని ఏ పద్దు కింద రాయాలో చెప్పమని నేనెవర్ని అడగాలిరా?" అంది పిన్ని.

ఇది ఒక కార్యదర్శి తిప్పలు చెప్పుకున్నట్టే ఉంటుంది కానీ, ఇప్పుడు ఈ ఆలస్యానికి నేరుగా డబ్బు రూపంలో ధర ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు రూ. 2,36,805 కోట్లు సిఫార్సు చేసింది. అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలంది. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి. దానికి ఒక షరతు పెట్టింది. కిందటి ఏడాది తాత్కాలిక లెక్కలు, అంతకుముందు ఏడాది ఆడిట్ అయిన లెక్కలు రెండూ ఆన్‌లైన్లో జనానికి కనపడాలి. మొదటి రెండేళ్లు రాష్ట్రంలో 25 శాతం సంస్థలు అలా పెడితే చాలంది. 2023-24 నుంచి ఆ వెసులుబాటు తీసేసింది. ఎన్ని సంస్థల లెక్కలు ఆన్‌లైన్లో ఉంటే అన్నింటి వాటాయే వస్తుందంది.

అంటే నా చిన్నప్పుడు కార్యదర్శి బీరువాలో ఆగిపోయిన పద్దు ఎవరికీ అడ్డం పడేది కాదు. ఇప్పుడు అదే పద్దు ఆగితే ఓవర్‌హెడ్ ట్యాంకు మరమ్మతు ఆగుతుంది. కాలువ పూడిక తీసే పని ఆగుతుంది. వీధిలో ఉన్నవాళ్లకు మాత్రం ట్యాంకు కనపడుతుంది, పద్దు కనపడదు. నీళ్లు ఎందుకు రావట్లేదంటే మోటారు కాలిందంటారు. మోటారు ఎందుకు బాగుచెయ్యలేదంటే డబ్బుల్లేవంటారు. డబ్బులెందుకు లేవన్న దగ్గర చాలామంది ఆగిపోతారు.

మనలాంటి చదువుకునేవాళ్లకు సంబంధించిన పద్దు కూడా ఒకటుంది. ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్ను. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. ఊరి లెక్క తేలకపోతే ఇవ్వాల్సిన ఆ వాటా ఎంతో కూడా తేలదు. శాఖా గ్రంథాలయంలో కొత్త పుస్తకాలెందుకు రావట్లేదని మనం రాసే వ్యాసాల్లో ఈ 8 పైసల ఊసు నేనెప్పుడూ చదవలేదు.

రాజ్యాంగం ఈ విషయంలో ఎంత మెత్తగా మాట్లాడుతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణతో 243-జె అధికరణం వచ్చింది. పంచాయతీల లెక్కలు ఎలా రాయాలి, వాటిని ఎలా ఆడిట్ చెయ్యాలి అన్నదానికి రాష్ట్ర శాసనసభ చట్టం చేయవచ్చు, అంతే. ఎప్పటిలోగా అన్న మాట లేదు. మన 1994 పంచాయతీరాజ్ చట్టం అంతకంటే ఒక అడుగు ముందుకేసి, వార్షిక లెక్కలూ ఆడిట్ నివేదికా గ్రామసభ ముందు పెట్టమంటుంది. మరి ఆడిట్ నివేదిక రెండేళ్లు ఆలస్యమైతే గ్రామసభ ఏం చర్చించాలి? పాత సర్పంచి వేయించిన పాత రోడ్డు గురించి కొత్త సర్పంచిని అడగాలా?

ఇది ఊహించి అంటున్నది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టు మొదట్లో అయిపోయింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నరేళ్లకు పైగా ప్రత్యేకాధికారులు. ఆ ఏడాదుల లెక్కలకు ఎవరు జవాబుదారీ? సంతకం పెట్టిన అధికారి ఎప్పుడో బదిలీ అయి ఉంటాడు. ఊళ్లో ఓటేసి నిలదీయడానికి మనిషే లేడు.

కంచి దగ్గర ఉత్తరమేరూరులో పదో శతాబ్దపు చోళ శాసనాలున్నాయి. మొదటి పరాంతకుడి కాలానివి, 919, 921 నాటివి. ఊరి సభల్లోకి ఎవర్ని తీసుకోవచ్చు, ఎవర్ని తీసుకోకూడదు అని అందులో నియమాలు చెక్కారు. మన వాళ్లు సాధారణంగా కుండలో చీటీలు వేసి ఎన్నుకునే పద్ధతి గురించి చెప్తారు. నన్ను పట్టుకున్నది వేరే నియమం. ఇదివరకు కమిటీలో ఉండి లెక్క చెప్పనివాడు మళ్లీ అర్హుడు కాడు. వాడొక్కడే కాదు, వాడి దగ్గరి బంధువులూ కారు. మా పెనుగంచిని కూడా ఒకప్పుడు బృహత్కాంచీపురం అనేవారని చెప్పుకుంటారు. పేరు కలిసినట్టు ఆ నియమం కూడా కలిసుంటే బాగుండేదనిపిస్తుంది, కానీ అర్థం చేసుకోవాల్సింది ఇంకోటుంది. బంధువుల్ని కూడా ఆపాలని రాసుకున్నారంటే, లెక్క చెప్పకుండా తప్పుకుని తమ్ముణ్ణో బావమరిదినో నిలబెట్టడం అప్పటికే మామూలైపోయి ఉంటుంది.

అర్థశాస్త్రంలో లెక్కల ఏడాది ఆషాఢ పౌర్ణమితో ముగుస్తుంది. లెక్క తయారు కాకపోతే ఒక నెల ఆగమంటాడు కౌటిల్యుడు. ఆ నెల దాటితే నెలకు 200 పణాల జరిమానా. ఆలస్యం ఆయనకు కొత్త విషయం కాదు. అందుకే ఒక నెల గడువు కూడా ముందే పెట్టాడు.

మనం వెనకబడ్డ దేశం కాబట్టి ఇలా అనుకోవాల్సిన పనీ లేదు. ఇంగ్లండులో స్థానిక సంస్థల ఆడిట్లు చూసే ఆడిట్ కమిషన్‌ను 2015లో ఎత్తేశారు. ప్రైవేటు సంస్థలు ఆ పని చేస్తాయన్నారు. 2022-23 లెక్కల గడువు 2023 సెప్టెంబరు 30 నాటికి 467 సంస్థల్లో ఆడిట్ పూర్తయినవి ఐదంటే ఐదే. పాతవన్నీ కలిపి 918 ఆడిట్ అభిప్రాయాలు పెండింగు. చివరికి వాళ్లేం చేశారంటే, 2022-23 వరకు ఉన్న పాతవన్నీ 2024 డిసెంబరు 13లోగా ముగించాలని చట్టంతో గడువు పెట్టారు. చూడటానికి టైము లేని చోట ఆడిటర్లు "ఈ లెక్కల మీద మేం ఏ అభిప్రాయమూ చెప్పలేం" అని రాసి సంతకం పెట్టారు. గుట్ట తరిగింది. ఆ ఏడాదుల్లో ఏం జరిగిందన్నది మాత్రం అలాగే ఉండిపోయింది. మన దగ్గర కూడా ఏదో ఒకరోజు ఇలాంటి శుభ్రత జరుగుతుందేమోనని నాకు భయం.

ఎందుకు భయమో చెప్పాలంటే మళ్లీ పిన్ని దగ్గరికి రావాలి.

ఆవిడ రిటైరయ్యే ఏడాది ఒక కాగితం వచ్చింది. చాలా ఏళ్ల కిందట ఆవిడ చేసిన ఒక ఊరి మీద ఆడిట్ పేరా ఇంకా తేలలేదని, అది తేలే దాకా రావలసిన డబ్బుల్లో కొంత ఆగుతుందని. పేరా ఒక వరద ఏడాదిది. మున్నేరు పొంగినప్పుడు ఆ ఊళ్లో బ్లీచింగ్ పౌడరు, బురద ఎత్తడానికి ట్రాక్టర్లు, కూలీలు. ముందు పని, తర్వాత కాగితం. ఆ రెండు రోజుల్లో మూడు కొటేషన్లు పిలిచి తక్కువ ధర ఎవరిదో చూసి కొనడం కుదరదు. ఓచర్లు రెండు తడిసి అక్షరాలు అలికిపోయాయి. వాటికి డూప్లికేటు ఇమ్మంటే అప్పట్లో షాపాయన ఇచ్చాడు కూడా. ఆడిట్ జరిగే నాటికి ఆవిడ వేరే ఊరు వెళ్లిపోయింది. ఆ డూప్లికేట్లు ఎవరి బీరువాలోనో ఉండిపోయాయి. మొత్తం ఇరవై వేల లోపు.

రిటైరయ్యాక ఆరేడు నెలలు తిరిగింది. బ్లీచింగ్ అమ్మిన షాపు లేదు, ఆయన పోయాడు. ట్రాక్టరాయన కొడుకు "నాన్న ఉన్నప్పుడు సంగతులు మాకు తెలీదు మేడం" అన్నాడు. అప్పటి సర్పంచి గుర్తుందనే చెప్పాడు గానీ ఇప్పుడు ఆయన సంతకానికి విలువ లేదు. ఆఫీసులో కూర్చున్న కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. వరద వచ్చినప్పుడు అతను హైస్కూల్లో ఉండి ఉంటాడు.

"లెక్క తప్పైతే ఒప్పుకుని కట్టేస్తాను. లెక్క పాతదైపోయిందంటే నేనేం చెయ్యను?" అంది ఒకరోజు. ఏడవలేదు, కోపం కూడా లేదు. కూరగాయలు తరుగుతూ అంది. చివరికి ఆ ఊరి పాత తీర్మానాల పుస్తకంలో వరద ఖర్చుకు సభ్యులంతా సంతకాలు పెట్టిన పేజీ దొరికింది. పేరా డ్రాప్ అయింది. డబ్బు వచ్చింది. ఆ నెలల్లో ఆవిడ పాత ఊళ్ల మీదుగా బస్సులో వెళ్లినా కిటికీలోంచి చూసేది కాదని బాబాయి తర్వాత చెప్పాడు.

అదే ఆడిట్ ఏడాదిలోపే జరిగుంటే? షాపు ఉండేది, ట్రాక్టరాయన ఉండేవాడు, ఊరంతా ఆ బురద చూసి ఉండేది. ఒక మధ్యాహ్నం పని.

అన్ని ఆలస్యాలూ పిన్ని ఓచర్ల లాంటివి కావు. ఆవిడే ఇంకో కథ చెప్పింది. ఒక ఊళ్లో ఆవిడకి ముందు చేసినాయన పుస్తకాలు ఎప్పుడూ ఆఫీసులో ఉండేవి కావట. "ఇంటి దగ్గర రాసుకుంటున్నా" అనేవాడట. బదిలీ అయ్యాక ఆర్నెల్లకు గానీ చార్జి ఇవ్వలేదు. ఇచ్చిన క్యాష్ బుక్కు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, మూడేళ్లది మూడురోజుల్లో రాసినట్టు ఉందట. ఆయనకు ఆలస్యం కలిసొచ్చింది. సాక్షులు చెదిరిపోయాక అతని పద్దును కాదనేవాళ్లు లేరు. పిన్ని పద్దును ఔననేవాళ్లూ లేరు. ఆలస్యమయ్యే కొద్దీ ఈ రెండు పుస్తకాలూ ఆడిటర్ బల్ల మీద ఒకేలా కనపడతాయి. నాకు అన్నింటికన్నా అన్యాయంగా తోచేది ఇదే.

జనం ఎందుకు అడగరు అన్నదానికి నాకు తోచిన కారణం ఒకటుంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. అప్పటిదాకా ఊళ్లో లెక్క అంటే కరణం చేతిలో ఉన్నది. అది అతనికే అర్థమవుతుంది, అడిగితే ఎదురు మనకే చుట్టుకుంటుంది అన్న జ్ఞానం తరాలుగా పాతుకుంది. కరణాలు పోయి నలభై ఏళ్లు దాటింది, ఆ జంకు మాత్రం పోలేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనులు, రోడ్లు, కాలువలు, ఏమేం కావాలో అడిగే సభలు అవి. అడగడం తప్పు కాదు. కానీ కిందటిసారి ఇచ్చినదానికి లెక్కేదని అడిగే సభ ఒకేరోజు అన్ని ఊళ్లలో జరిగితే ఎలా ఉంటుందో చూడాలనిపిస్తుంది.

ఆ సభలు జరిగిన పది రోజుల్లోపే మున్నేరు మళ్లీ పొంగింది. 2023 జూలైలో లాగే 2024 సెప్టెంబరు మొదట్లో కూడా ఐతవరం దగ్గర హైదరాబాదు రహదారి మీదికి నీళ్లొచ్చాయి. పైన పెనుగంచిప్రోలు దాకా ఏటి పక్క ఊళ్లన్నీ బిక్కుబిక్కుమన్నాయి. టీవీల్లో లారీల బారులు చూపించారు. నాకు మాత్రం ఆ బురదలో బ్లీచింగ్ పౌడరు సంచులు దించుకుంటున్న కార్యదర్శులే కళ్ల ముందు మెదిలారు. వాళ్లలో చాలామంది గ్రామ సచివాలయాలు వచ్చాక చేరిన పాతికా ముప్పై ఏళ్ల పిల్లలు. వాళ్ల ఓచర్లు ఎప్పుడు చూస్తారో, అప్పటికి ఆ షాపులు ఉంటాయో లేదో.

ఇంకోటుంది. 2021 ఏప్రిల్ మొదట్లో బాధ్యతలు తీసుకున్న సర్పంచుల ఐదేళ్ల గడువు 2026 ఏప్రిల్ మొదటి వరకే. ఆర్థిక సంవత్సరం ముగిసేది మార్చి 31న. మధ్యలో ఉన్నవి కొద్ది రోజులే. ఎంత త్వరగా చేసినా వాళ్ల చివరి ఏడాది లెక్క తేలేది వాళ్లు దిగిపోయాకే. అందుకే కనీసం మిగిలిన నాలుగేళ్ల లెక్కలైనా వాళ్లు కుర్చీలో ఉండగా ఊరి ముందుకు రావాల్సింది.

మీ ఊరి సంగతి చూడాలంటే కష్టమేం కాదు. 2020 ఏప్రిల్లో మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్ ఫోన్లోనే తెరుచుకుంటుంది. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ నొక్కుకుంటూ వెళ్లడమే. మొదటిసారి చూస్తే తలా తోకా తెలీదు. ఎక్కణ్ణుంచి చదవాలని పిన్నిని అడిగాను. ఆవిడ ఖర్చులు చూడొద్దంది. ఒక ఏడాది చివర ముగింపు నిల్వ ఎంత ఉందో కాగితం మీద రాసుకో, తర్వాతి ఏడాది ప్రారంభ నిల్వ ఎంత ఉందో దాని పక్కన రాసుకో, రెండూ ఒకటే అయ్యుండాలి, ముందు అది చూడు అంది. కలవకపోతే గ్రామసభలో ఇంకేం అడగక్కర్లేదట, ఆ రెండంకెలు చదివి కూర్చుంటే చాలట.